గోళ్ల రంగు, ఇంట్లో వేసుకునే డిజైన్లు: మీ చేతులకు ఏది సరిపోతుంది?

ఫ్యాన్సీ షాపులో నెయిల్ పాలిష్ సీసాలు వరసగా పేర్చిన అర ముందు నిలబడితే ఏదీ వదలబుద్ధి కాదు. ఇంటికి తెచ్చుకుని ముచ్చటగా వేసుకుంటాం. రెండో రోజు గిన్నెలు తోమేసరికి బొటనవేలి అంచు లేస్తుంది. నాలుగో రోజుకి రంగు మచ్చలు మచ్చలుగా మిగులుతుంది. ఆ సీసా అలమారా మూలకి చేరి, ఆరునెలలు తిరిగేలోగా గట్టిపడిపోతుంది.

పదేళ్లకు పైగా నేను ఇంట్లోనే వేసుకుంటున్నాను. చెల్లెళ్లకీ, వదినలకీ, పక్కింటి పిల్లలకీ నేనే వేస్తాను. ఇన్ని చేతులు చూశాక నాకు గట్టిగా తేలిందొకటుంది: పగలంతా ఆ చేతులు ఏం చేస్తాయో, వేసుకున్న రంగుని మళ్లీ ఎలా తీస్తారో ముందు ఆలోచించుకున్నవాళ్లే వేసుకున్నన్నాళ్లూ హాయిగా ఉంటారు. రంగు సంగతి ఆ తర్వాతే.

## ముందు చూసుకోవాల్సినవి

అన్నం కలిపే వేళ్లు. మా చిన్న చెల్లెలి నిశ్చితార్థం రోజు పొద్దున్న తనకి లేత గులాబీ రంగు వేసి, అంచులకి సన్నగా తెలుపు దిద్దాను. మధ్యాహ్నం ముద్దపప్పు, ఆవకాయ, నెయ్యి వేసుకుని అన్నం కలుపుకుంది. సాయంత్రం ఉంగరం తొడిగే వేళకి ఎడమచేతి గోళ్లు గులాబీ, కుడిచేతి గోళ్లు పసుపు. సబ్బు, నిమ్మచెక్క, ఏం రుద్దినా పోలేదు. పసుపులో ఉండే రంగు నూనెలో ఇట్టే కరుగుతుంది, అందుకే నెయ్యి, ఆవకాయ నూనె తోడైతే లేత పాలిష్‌లోకి ఇంకిపోతుంది. ఎండలో ఉంటే కొంత తగ్గుతుంది కానీ పూర్తిగా పోదు. చెంచాతో తినే దేశాల వాళ్లు చేసే వీడియోల్లో ఈ మాట ఎవరూ చెప్పరు. మనం మాత్రం మొదట దీన్నే చూసుకోవాలి.

నీళ్లు. గోరు నీళ్లు పీల్చుకుని కాస్త ఉబ్బుతుంది, ఆరాక మళ్లీ మామూలవుతుంది. మీద ఎండిన రంగు పొర అలా సాగలేదు, అంచుల దగ్గర విడిపోతుంది. రోజూ అంట్లు తోమి బట్టలు ఉతికే చేతికీ, కీబోర్డు మీద ఉండే చేతికీ ఒకే పాలిష్ ఒకేలా నిలవకపోవడానికి కారణం ఇదే. వేసుకునే ముందు చేతులు నీళ్లలో నానబెట్టడం కూడా ఇందుకే మంచిది కాదు. పొడి గోటిని రిమూవర్‌లో ముంచిన దూదితో ఒకసారి తుడిస్తే జిడ్డు పోయి రంగు బాగా పట్టుకుంటుంది.

కూర్చునే ఓపిక. మామూలు పాలిష్ ముట్టుకుంటే అంటకుండా ఉండటానికి పది పదిహేను నిమిషాలు పడుతుంది. లోపలి పొరలు గట్టిపడటానికి కొన్ని గంటలు కావాలి. చంటిబిడ్డ ఉన్న తల్లికి ఆ పదిహేను నిమిషాలే దొరకవు.

తీసే పద్ధతి. అసిటోన్ లేని రిమూవర్‌తో మామూలు రంగు నెమ్మదిగానైనా వస్తుంది. మెరుపుల పాలిష్‌కీ జెల్‌కీ అసిటోన్ తప్పదు. అది గోటిని, చుట్టూ చర్మాన్ని పొడిబారుస్తుంది కాబట్టి తీశాక కొబ్బరినూనె రాసుకోవాలి. మీ గోళ్లు ఇప్పటికే పొరలు పొరలుగా లేస్తుంటే ఈ ఒక్క విషయమే చాలా రకాలని పక్కన పెట్టేస్తుంది.

## ఏ రకం పాలిష్?

| రకం | ఎన్నాళ్లు ఉంటుంది | తీయడం | పసుపు, నీళ్లకు | ఎవరికి నప్పుతుంది |
|---|---|---|---|---|
| మామూలు పాలిష్ | 3 నుంచి 7 రోజులు | రిమూవర్, దూది | ముదురు రంగులు నిలుస్తాయి | దాదాపు అందరికీ |
| ఒలిచే పాలిష్ | 1 లేదా 2 రోజులు | చేత్తో ఒలిచేయడమే | నీళ్లకి ఆగదు | పిల్లలకి, ఒక్కరోజు సరదాకి |
| జెల్ | సుమారు 2 వారాలు | అసిటోన్‌లో 10-15 నిమిషాలు | నీళ్లకి ఆగుతుంది, లేత రంగు పసుపెక్కుతుంది | నేర్చుకుని ఓపికగా చేసేవాళ్లకి |
| అతికించే గోళ్లు | 1 రోజు నుంచి వారం | గోరువెచ్చని సబ్బు నీళ్లు, నూనె | ఇంటిపనికి పనికిరావు | ఫంక్షన్లకి |
| గోరింటాకు | గోరు పెరిగేదాకా | తీయలేం | దేనికీ చెదరదు | రోజంతా చేతిపని చేసేవాళ్లకి |

మామూలు పాలిష్ ఇంట్లో ప్రయోగాలకి దీనికి మించింది లేదని నా అభిప్రాయం. నైట్రోసెల్యులోజ్ అనే పదార్థాన్ని త్వరగా ఆవిరయ్యే ద్రవాల్లో కరిగించి రంగు కలుపుతారు. ద్రవం ఎగిరిపోతే పొర మిగులుతుంది. పలుచగా రెండుసార్లు వేయమనేది ఇందుకే. ఒకేసారి మందంగా వేస్తే పైపొర ఎండిపోయి లోపలి తడి బయటికి రాలేక బుడగలు కడుతుంది. నిండా తిరిగే ఫ్యాను కింద కూర్చుంటే ఈ బుడగలు ఇంకా ఎక్కువ. సీసాని గట్టిగా కుదపకండి, రెండు అరచేతుల మధ్య దొర్లించండి. గోరు మధ్యలో ఒక గీత, అటొకటి, ఇటొకటి, చివర గోటి కొన మీద బ్రష్ ఒక్కసారి అలా పోనివ్వండి. ఆ కొన మూస్తేనే అంట్ల దగ్గర రంగు నిలుస్తుంది. ఇంకో మాట, ఇది నిప్పు తొందరగా అంటుకునే సరుకు. గ్యాస్ పొయ్యి దగ్గర, దేవుడి దీపం దగ్గర కూర్చుని వేసుకోవద్దు.

సీసా చిక్కబడితే రిమూవర్ పోసి పలుచన చేస్తుంటారు. రంగు పాడవుతుంది. దీనికి థిన్నర్ అని విడిగా దొరుకుతుంది, రెండు చుక్కలు చాలు.

ఒలిచే పాలిష్ చాలావరకు నీళ్లలో కలిపి చేసింది, ఘాటు వాసన ఉండదు. చేతులు కడుగుతుంటే దానంతటదే లేస్తుంది. బడిలో నెయిల్ పాలిష్ ఒప్పుకోరు కాబట్టి శనివారం వేసి ఆదివారం రాత్రి ఒలిచేయడానికి పిల్లలకి బాగుంటుంది. అయితే ఒలిచిన పొర నోట్లో పెట్టుకునే వయసు పిల్లలకి వద్దు.

జెల్ గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. ఇంటికి తెప్పించుకునే కిట్లు ఇప్పుడు విరివిగా దొరుకుతున్నాయి, మెరుపు చూస్తే మనసు లాగుతుంది. జెల్ గాలికి ఎండేది కాదు, కిట్‌తో వచ్చే యూవీ దీపం కింద గట్టిపడేది. అందులో ఉండే మెథాక్రిలేట్ రసాయనాలు గట్టిపడకముందు చర్మానికి తగులుతూ ఉంటే కొందరికి అలర్జీ వస్తుంది. వేళ్ల చుట్టూ దురద, ఎర్రదనం, గోరు లేచిపోవడం జరుగుతుంది. ఒకసారి వచ్చిందంటే ఆ అలర్జీ జీవితాంతం ఉండిపోవచ్చు. పంటి వైద్యంలో వాడే కొన్ని పదార్థాలు కూడా తర్వాత పడకుండా పోవచ్చు. ఇంట్లో వాడే కిట్ల గురించి బ్రిటన్‌లోని చర్మవైద్యుల సంఘం 2018లోనే హెచ్చరించింది. జెల్‌లో గట్టిపడటానికి వాడే టీపీఓ అనే పదార్థాన్ని యూరోపియన్ యూనియన్ 2025 సెప్టెంబరు 1 నుంచి నిషేధించింది. ఇక్కడ కొనేటప్పుడూ అది లేనిదే అడిగి తీసుకోండి.

ఇంత చెప్పినా జెల్ కావాలనుకుంటే: ఆ జెల్ కంపెనీ చెప్పిన దీపమే వాడండి, వేరే దీపంతో లోపల పచ్చిగా ఉండిపోవచ్చు. చర్మానికి అంటితే దీపం కింద పెట్టకముందే తుడిచేయండి. దీపం యూవీ కిరణాలు విడుదల చేస్తుంది కాబట్టి చేతులకి ముందే సన్‌స్క్రీన్ రాసుకోండి. అన్నిటికంటే ముఖ్యం, అంచు లేచిందని గోటితో పీకవద్దు. రంగుతోపాటు గోటి పైపొర కూడా వచ్చేస్తుంది, ఆ గోరు కోలుకోవడానికి నెలలు పడుతుంది. రోజూ అంట్లు తోమేవాళ్లకి జెల్ నిలుస్తుందన్న మాట నిజమే. కానీ తీసే ఓపిక లేనివాళ్లకి అది మంచి బేరం కాదు.

అతికించే గోళ్లు ఒక్క సాయంత్రానికి సరిపోతాయి. జిగురు కంటే రెండువైపులా అంటుకునే చిన్న స్టిక్కర్లే మేలు, తీసేటప్పుడు గోరు దెబ్బతినదు. జిగురే వాడితే దూది గానీ నూలు చీర గానీ దగ్గర పెట్టుకోకండి. ఆ జిగురు నూలుకి తగిలితే చర్మం కాలేంత వేడి పుడుతుంది.

గోరింటాకు ఈ వరసలో ఎందుకంటారేమో. ఆషాఢంలో రుబ్బి పెట్టుకునే ఆ ముద్దలోని ఎర్రటి రంగు గోరు తయారైన పదార్థంతోనే కలిసిపోతుంది. పైన పొర ఉండదు కాబట్టి ఊడేదీ లేదు, రాలేదీ లేదు. చేతి గోరు నెలకి దాదాపు 3 మిల్లీమీటర్లు పెరుగుతుంది, అంటే గోరు మొదట్లో రంగు లేని భాగం తెల్ల నెలవంకలా కనిపించి, రంగు పూర్తిగా పోవడానికి ఐదారు నెలలు. నమాజుకు ముందు వజూ చేసుకునే ఇళ్లలో గోటికి నీళ్లు తగలాలని పాలిష్ తీసేస్తారు. గోరింటాకుకి ఆ అడ్డు లేదు. ఒక్కటి గుర్తుంచుకోండి: గోరింటాకు గోటి మీద లేత గులాబీ, తెలుపు వేస్తే అడుగు నుంచి నారింజ ఛాయ తొంగిచూస్తుంది. ముదురు మెరూన్, వంకాయ రంగు, బంగారు చుక్కలు మాత్రం దాని మీద వెలిగిపోతాయి.

## రంగు ఎంచుకోవడం

సీసాలో కనిపించిన రంగు గోటి మీద కనిపించదు. అందుకని నేను చేసే పని ఇది. పారదర్శకంగా ఉండే సెల్లోటేపు ముక్కలు ఒక ప్లాస్టిక్ కవరు మీద అతికించి, ఒక్కో ముక్క మీద ఒక్కో రంగు రెండుసార్లు వేస్తాను. ఎండాక గోరు ఆకారంలో కత్తిరించి, గోటి మీద పెట్టి, పగటి వెలుతురులో ఒకసారి, ట్యూబులైటు కింద ఒకసారి చూస్తాను. అరగంటలో ఆరు రంగులు తేలిపోతాయి, రిమూవర్ చుక్క కూడా ఖర్చు కాదు. అక్కాచెల్లెళ్లు నాలుగైదు సీసాలు పంచుకునే ఇంట్లో ఇది మరీ పనికొస్తుంది.

చామనఛాయ చేతుల మీద సున్నం కలిపినట్టుండే లేత నీలం, లేత ఊదా చేతిని బూడిద పట్టినట్టు చూపిస్తాయి. ఇటుక ఎరుపు, కుంకుమ రంగు, పగడం, ఆవపిండి పసుపు, నెమలి కంఠం నీలం చేతికి వెలుగు తెస్తాయి. లేత రంగే కావాలంటే గులాబీలో కాస్త గోధుమ ఛాయ కలిసింది చూడండి. పచ్చటి చేతులకి దాదాపు అన్నీ నప్పుతాయి కానీ పసుపు ఛాయ ఉన్న గోధుమ రంగు వేస్తే చేయి, గోరు ఒకటైపోతాయి.

ఇక పని పరంగా చూస్తే బేరం ఇలా ఉంటుంది. చర్మపు రంగుకి దగ్గరగా ఉండే రంగు అంచు ఊడినా దూరానికి తెలియదు, గీతలు తప్పినా కనిపించవు, చేయి తిరగనివాళ్లకి మంచిది. కానీ పప్పన్నం దానికి శత్రువు. ముదురు ఎరుపు, మెరూన్ పసుపుని దాచేస్తాయి కానీ అంచు ఊడితే వీధి చివరి నుంచి కనిపిస్తుంది. బేస్ కోట్ (రంగు కింద ముందుగా వేసే రంగులేని పొర) లేకుండా వేస్తే తీశాక గోరు పసుపుగా మిగులుతుంది. మెరుపుల పాలిష్ ఈ రెండు గొడవలూ పడదు: ఊడదు, మరక చూపించదు, చిందరవందరగా వేసినా బాగుంటుంది. తీసేటప్పుడు మాత్రం మన సహనాన్ని పరీక్షిస్తుంది. దూది ముక్కని రిమూవర్‌లో తడిపి గోటి మీద పెట్టి, పైన వంటింట్లోని అల్యూమినియం ఫాయిల్ చుట్టి ఐదు నిమిషాలు ఆగితే నొక్కి లాగినప్పుడు వచ్చేస్తుంది.

నలుపు, ముదురు నీలం, ఆకుపచ్చ వేసుకునేవాళ్లకి ఒక మాట. ఆసుపత్రిలో వేలికి తగిలించి ఆక్సిజన్ చూసే పరికరం ఈ రంగుల వల్ల ఒక్కోసారి తప్పు చూపిస్తుంది. ఆపరేషన్ గానీ కాన్పు గానీ దగ్గర్లో ఉంటే ముదురు రంగులు, జెల్ పెట్టుకోకపోవడమే మంచిది. నర్సులకీ, రోగుల్ని నేరుగా చూసుకునే ఇతర సిబ్బందికీ అతికించే గోళ్లు వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చేతుల శుభ్రత మార్గదర్శకాల్లోనే ఉంది.

## ఇంట్లో వేసుకోదగ్గ డిజైన్లు

చుక్కలు. మొదటిసారి వేసేవాళ్లు ఇంకెటూ చూడకుండా దీనితో మొదలుపెట్టండి. ముగ్గు వేసే ఇంట్లో పుట్టిన చేతికి చుక్క పెట్టడం ఎవరూ నేర్పక్కర్లేదు. హెయిర్ పిన్ను చివర ఉండే గుండ్రటి బొడిపె పెద్ద చుక్కకి, టూత్‌పిక్ చిన్న చుక్కకి. కడిగి ఆరబెట్టిన పాలకవరు మీద ఒక బొట్టు పాలిష్ వేసుకుని, ముంచి, ఒక మునకకి రెండు చుక్కలే పెట్టండి. మూడోది చిన్నదైపోతుంది. మధ్యలో ఒకటి, చుట్టూ ఐదు పెడితే పువ్వు. మెరూన్ మీద తెలుపు పెడితే అచ్చం ఎర్రమట్టి అలికిన అరుగు మీద ముగ్గులా ఉంటుంది. పాత ఐలైనర్ బ్రష్ వెంట్రుకలు కత్తిరించి సన్నం చేసుకుంటే చుక్కల్ని మెలికలతో కూడా కలపొచ్చు.

ఇక్కడ అందరూ దెబ్బతినేది టాప్ కోట్ దగ్గర, అంటే చివర్లో పైన వేసే రంగులేని పొర దగ్గర. చుక్క మందంగా ఉంటుంది, పైకి ఎండినట్టున్నా లోపల తడే. వెంటనే టాప్ కోట్ వేస్తే తెలుపు చారలై మెరూన్‌లోకి జారుతుంది. పదిహేను నిమిషాలు ఆగండి. తర్వాత బ్రష్ నిండా టాప్ కోట్ తీసుకుని, బ్రష్ గోటికి తగిలీ తగలకుండా, ఆ ద్రవమే పారేలా ఒక్క విసురులో లాగండి.

గీతలు. సెల్లోటేపు సన్నగా కత్తిరించి, పూర్తిగా ఎండిన రంగు మీద అతికించి, పైన రెండో రంగు వేసి, అది తడిగా ఉండగానే టేపు తీసేయాలి. ఎండాక తీస్తే అంచు చిరుగుతుంది. చుక్కల కంటే చూడటానికి నీటుగా ఉంటుంది, ఆఫీసుకి బాగుంటుంది. అడుగు రంగు గంటసేపైనా ఎండకపోతే టేపు దాన్ని కూడా లాక్కుపోతుంది.

తెల్ల అంచులు. ఫ్రెంచ్ మానిక్యూర్ అని పార్లర్లలో వేసేది. పొట్టి గోళ్లకి తెల్ల పట్టీ వెడల్పుగా వేస్తే గోరు ఇంకా పొట్టిగా కనిపిస్తుంది, దారమంత సన్నగా దిద్దాలి. మా చెల్లెలి కథ చెప్పాను కదా, అందుకని నేనిప్పుడు తెలుపు బదులు బంగారు రంగు అంచు వేస్తున్నాను. పసుపు పడినా తెలియదు, పట్టుచీర అంచుకి జతగా ఉంటుంది.

స్పాంజితో రెండు రంగుల కలయిక అందంగా వస్తుంది కానీ వేలంతా రంగవుతుంది. గోరు చుట్టూ చర్మానికి ముందే పెట్రోలియం జెల్లీ రాసుకోవాలి, గోటికి మాత్రం అంటకూడదు.

స్టాంపింగ్. చెక్కిన పలకలోంచి డిజైన్‌ని మెత్తటి ముద్రతో తీసి గోటి మీద ఒత్తడం. పలక, ముద్ర, గీకే ముక్క, చిక్కటి ప్రత్యేక పాలిష్ అన్నీ కొనాలి. పెళ్లికి పది మంది చేతులకి ఒకే డిజైన్ వేయాలంటే ఆ డబ్బు దండగ కాదు. ఏడాదికి రెండుసార్లు వేసుకునేదానికి కొనొద్దు. రంగు క్షణాల్లో ఎండిపోతుంది కాబట్టి ఫ్యాను ఆపి చేయాలి, మే నెలలో విజయవాడలో కూర్చుని ఇది చేయడం ఎంత కష్టమో ఊహించుకోండి.

నీళ్లలో రంగులు తేల్చి ముంచే డిజైన్ వీడియోలో అద్భుతంగా ఉంటుంది. ఒక్కో వేలికి కొత్తగా చుక్కలు వేయాలి, సగం సీసా గిన్నెలోనే పోతుంది. నేను సలహా ఇవ్వను.

స్టిక్కర్లు, రాళ్లు. స్టిక్కరు అంచులు టాప్ కోట్‌తో మూస్తే నాలుగు రోజులు ఆగుతుంది. బొట్టుబిళ్లల్లోని చిన్న రాళ్లు తీసి పెట్టుకునేవాళ్లు ఉంగరపు వేలికి మాత్రమే, అదీ గోరు మొదట్లో పెట్టుకోండి. కొనల దగ్గర పెడితే జడ వేసుకునేటప్పుడు వెంట్రుకలు చిక్కుకుంటాయి, జరీ పోగులు లేస్తాయి.

## మీరు ఎవరో చెబితే నేను చెప్పేది

ఇంటిపనంతా మీ చేతుల మీదే నడుస్తుంటే, గోళ్లకి గోరింటాకు పెట్టుకుని, పండగలప్పుడు దాని మీద బంగారు చుక్కలు పెట్టుకోండి. చుక్కలు ఊడినా కింద ఎరుపు ఉంటుంది, ఖాళీగా కనిపించదు.

ఆఫీసుకి వెళ్తూ డబ్బాలోని అన్నం చెంచాతో తినేవారైతే గోధుమ గులాబీ మామూలు పాలిష్, ఒక్క వేలికి టేపు గీత. ఆదివారం రాత్రి వేసుకుని, బుధవారం రాత్రి ఇంకో పొర టాప్ కోట్ వేస్తే వారమంతా నడుస్తుంది.

కాలేజీ అమ్మాయిలు అన్నీ ప్రయత్నించండి, ఆ వయసు దానికే. కానీ జెల్ కిట్‌కి పెట్టే డబ్బుతో చిన్న మామూలు సీసాలు ఆరు, మంచి బేస్ కోట్ ఒకటి వస్తాయి. నేనైతే వాటికే ఓటేస్తాను.

పెళ్లికూతురికి ముందురోజు రాత్రి వేయండి, పెళ్లిరోజు పొద్దున్న కాదు. వేసిన వెంటనే వేడినీళ్ల స్నానం చేస్తే గోటి మీద రంగు మెత్తబడి ముడతలు పడుతుంది. తలంబ్రాల్లో పసుపు కలిసిన బియ్యం దోసిళ్లతో పోస్తుంది కాబట్టి లేత రంగు అడిగినా ఒప్పుకోకండి. మెరూన్ గానీ కుంకుమ రంగు గానీ వేసి, మిగిలిన సీసా తన బ్యాగులో పెట్టండి, అంచు ఊడితే దిద్దుకోవడానికి.

మా అమ్మ చేతులకి పాలిష్ వేయించుకోదు. పిండి కలిపే చేతులకి వద్దంటుంది, ఆ మాట సబబే. ఊడిన ముక్క పిండిలో పడుతుందని తన భయం. కాళ్లకి మాత్రం పండగ ముందు తనే అడుగుతుంది. కాలిగోళ్లు చేతిగోళ్ల కంటే నెమ్మదిగా పెరుగుతాయి, అంట్ల నీళ్లు తగలవు, పప్పు తగలదు, ఒకసారి వేస్తే మూడు వారాలకి పైగా అలాగే ఉంటుంది. పోయిన దసరాకి ముదురు మెరూన్ వేశాను. దీపావళికి దీపాలు పెట్టడానికి వాకిట్లో వంగినప్పుడు వెండి మెట్టెల పక్కన ఆ రంగు ఇంకా మెరుస్తూనే ఉంది.